పెండ్లిగుర్రం పక్కన రేసుగుర్రం

పాతబస్తీ శాలిబండల నేను చాయ్ తాగే హోటల్ల పోరగాండ్లు ఫోన్లు ముంగటేసుకొని గుర్రాల రేసులు సూస్తుంటరు. ఒకని ఫోన్ల అమెరికా, ఇంకొకని ఫోన్ల ఇంగ్లండ్. నేను లోపటికి పోంగనే లొల్లి నా మీదికి మళ్లుతది. "బాపూ, నువ్వు చెప్పు, ఎవల ట్రైనింగు మంచిది?" అంటరు. నేను రేసుగుర్రాల లాయంల జమాదారుగ చేసి రిటైరైనోన్ని. జమాదారంటె సైసులకు, అంటె గుర్రాలను సూసుకునేటోళ్లందరికి, పెద్ద. గుర్రం దాణా తినకపోయినా, కుంటినా, తుమ్మినా మొదలు తిట్లు వడేది జమాదారే. చెప్పెటోనికి వినేటోడు లోకువ అంటరు, మరి వినుండ్రి. గని మీరడిగిన దానికి జవాబు మాత్రం నా తాన లేదు, ముందే చెప్తున్న.

అమెరికోళ్లు ఎక్కువ మట్టి ట్రాకు మీద ఉరికిస్తరు. గడియారమే వాళ్లకు దేవుడు. పొద్దుగాల గుర్రం బయటికొస్తది, జోరుగ ఒక్క ఉరుకు ఉరుకుతది, తానం చేసి లోపటికి పోతది. రేసుల గూడ గేటు తెరువంగనే ముంగటికి దుంకాలె, ఎన్క వడితె మొకం నిండ మట్టే. యూరపోళ్లది గడ్డి, ఎత్తుపల్లాలు, గుట్టలు. అక్కడ గుర్రాలు ఒకదానెనుక ఒకటి వరుస కట్టి ఎంతోసేపు నడుస్తయి, సల్లగ దౌడు తీస్తయి. గడియారం జేబుల్నే ఉంటది. రేసుల దమ్ము దాసుకొని ఆఖర్ల బయటికి తీస్తరు. దేని మంచి దానికున్నది.

నా కర్మకు మా లాయంల రెండూ ఉండె.

లాయం నడిపే మా సాబ్ కోస్తా దిక్కు మనిషి. వయసుల ఉన్నప్పుడు ఇంగ్లండ్ల పని నేర్చుకొని వచ్చిండు. ఆయన బిడ్డ అమెరికాల రేసు లాయాలల్ల పనిచేసి వచ్చింది. సాబ్‌కు గుండె ఆపరేషనైనంక లాయం ఆమె చేతికొచ్చింది. చేతికొచ్చింది గని సాబ్ తన చెయ్యి తియ్యలే. పొద్దుగాల కుర్చీ ఏయించుకొని ట్రాకు కాడ్నే కూసుండెటోడు. బిడ్డ చిన్నప్పుడు నా భుజాల మీద తిరిగిన పిల్ల. నన్ను జమాదార్ అంకుల్ అంటది. నేను నలుగురిల మేడం అంట, పరేషానైతె మాత్రం బేటా అని నోట్లకెల్లి వడిపోతది.

"జమాదార్ అంకుల్, ఇవాళ దీన్ని టైం పెట్టి ఉరికించాలి" అని ఆమె అంటది. ఆమె అటు తిరుగంగనే సాబ్ చేతికర్రతోని సైగ చేస్తడు. "ఏమయ్యా, ఆ గడియారాల గోల మనకెందుకు? నెమ్మదిగా నడిపించు." నేను ఇద్దరికీ తలకాయ ఊపుత. అడకత్తెరల పోకచెక్క అంటె ఏందో పుస్తకాలల్ల కాదు, నన్ను సూసి నేర్చుకోవాలె. సైసులు మూతికి తువ్వాల అడ్డం పెట్టుకొని నవ్వుదురు.

ఇగ అసలు ముచ్చట. మా తాన ఒక ఆడగుర్రం ఉండె. కాయితాల మీద పెద్ద పేరుండె గని మేమందరం ఎర్రది అంటుంటిమి. మస్తు దమ్మున్న పిల్ల. దాని మొదటి రేసుల్నే ఘోరం జరిగింది. రేసు మొదలయ్యే గేటు మీరు సూసే ఉంటరు. ఇనుప గూళ్లు వరుసగ ఉంటయి, ఒక్కొక్క గూట్ల ఒక్కొక్క గుర్రం నిలవడ్తది, గంట మోగంగనే ముంగటి తలుపులు తెరుసుకుంటయి. ఎర్రదాని పక్క గూట్ల గుర్రం ముంగటి కాళ్లు లేపి ఎన్కకు పడ్డది. ఇనుము మీద కాళ్లు కొట్టుకుంట ఒకటే అరుపు. ఎర్రదానికి దెబ్బ తాకలే, భయం తాకింది. ఆ తర్వాత రెండు రేసులల్ల గేటు కాడికి పోయి, మొరాయించి, ఎన్కకు వచ్చింది.

రేసు అధికారులు హుకుం ఇచ్చిండ్రు. పొద్దుగాల గేటు పరీక్ష పెడ్తరు, రెండుసార్లు మోకా ఇస్తరు. రెండూ తప్పితె ఎర్రదానికి ఇగ రేసులు బందు.

రేసులు బందైన గుర్రం ఏమైతదో మీకు ఎవలూ చెప్పరు. నసీబు మంచిగుంటె సవారి నేర్పేటోళ్లు కొంటరు. భయంగొట్టు గుర్రాన్ని వాళ్లు గూడ ముట్టరు. అప్పుడు దళారి వస్తడు, ఎనుక లారీ వస్తది. ఆ లారీ యాడికి పోతదని నేను ఒకసారి అడిగిన. "ఊరికి" అన్నడు. ఏ ఊరికని అడుగుతె బీడీ ముట్టించుకున్నడు. ఎర్రదాన్ని ఆ లారీ ఎక్కిచ్చుడు నా కండ్ల ముంగట కనవడ్తుండె. అన్నం తింటుంటె అదే, ఉప్పుగూడ స్టేషన్ల బండి కోసం నిలవడితె అదే. మా ఆమె అనేది, "నాకు జరమొస్తె ఇట్ల ఫికర్ వడ్డవా ఎన్నడన్న?" నేను చారు పోసుకొనెటోన్ని.

అప్పుడు మేడం ఒక ఉపాయం చెప్పింది. అమెరికాల రేసుగుర్రాన్ని ఒంటరిగ గేటు కాడికి తోలరట. పక్కన ఒక సాధు గుర్రాన్ని నడిపిస్తరు, దాన్ని పోనీ అంటరు. ఏనుగంత గుర్రమైనా అక్కడ దాని పేరు పోనీయే. దాని నెమ్మది సూసి రేసుగుర్రం నెమ్మదైతది.

"బేటా, రేసుకోర్సుల నెమ్మదైన గుర్రం యాడ దొరుకుతది? ఇక్కడున్నయన్ని నిప్పులు తొక్కే బాపతే గద" అన్న నేను.

"సిటీలో శబ్దానికి బెదరని గుర్రమే లేదా అంకుల్?"

ఉన్నది. శాలిబండల ఉన్నది. నాకు ఎర్కున్న ఒక భాయ్ బరాత్‌లకు గుర్రాలు తోలుతడు. ఆయన తాన ముసలి తెల్ల ఆడగుర్రం ఒకటి. దాన్ని అందరు దాదీ అంటరు. చెవుల పక్కన మర్ఫా డప్పులు మోగినా, కాళ్ల కింద పటాకులు పేలినా, మీద కూసున్న పెండ్లికొడుకు వణుకుతడు గని దాదీ వణుకదు. నేను పోయి అడిగితె భాయ్ మస్తు ఖుషైండు. "మా దాదీ రేసులకా! అన్నా, మజాక్ నక్కో కరో" అనుకుంటనే సాంబ్రాణి ఏసిండు. దాని మెడల చిన్న గజ్జెలపట్టీ ఉంటది. అది తియ్యొద్దు, దిష్టి తలుగుతదని నా తోటి ఒట్టు పెట్టించుకున్నడు.

దాదీ గజ్జెలు మోగిచ్చుకుంట మా లాయంలకు వస్తుంటె సాబ్ కుర్చీలకెల్లి సగం లేసిండు. "పెళ్లిగుర్రమా? రేసుగుర్రానికి పెళ్లిగుర్రంతో ట్రైనింగా? వద్దమ్మా! ఇంగ్లండ్‌లో వింటే నవ్విపోతారు."

"మనం ఇంగ్లండ్‌లో లేము నాన్నా."

"అమెరికాలోనూ లేమమ్మా."

నేను మధ్యల నిలవడి దాదీ కాళ్లు సూస్తున్నట్టు నటించిన.

గని ఏమాటకామాటే చెప్పాలె, ఉపాయం పారింది. ఎర్రది మొదటి పొద్దు దాదీని వాసన సూసింది, రెండో పొద్దు దాని భుజానికి మూతి ఆనిచ్చింది. పది పొద్దులు గడువకముందే ఇద్దరూ ఒక్కటే అడుగు. దాదీ పక్కన నిలవడితె ఎర్రది గేట్లకు గూడ పోతుండె, కండ్లు సగం మూసుకొని నిలవడ్తుండె. మేడం మొకం ఎలిగిపోయింది. నేనైతె దాదీకి బెల్లంముక్క పెట్టి, నువ్వే నా తల్లివి అన్న.

పరీక్ష దగ్గరవడ్డది. పోనీని ఎంబడి తెచ్చుకుంటమని చెప్పెతందుకు మేడం ఆఫీసుకు పోయింది. తిరిగొచ్చినప్పుడు ఆమె పెదవులు తెల్లగైనయి. గేటు కాడ తోడు గుర్రం పనికిరాదట. రేసుల ఎట్లనో పరీక్షల గూడ గట్లనే, ఎర్రది జాకీతోటి ఒంటరిగ పోవాలె, ఒంటరిగ గూట్లకు ఎక్కాలె.

"ఇది మీకు తెలుసా నాన్నా?"

"తెలియకేం? వద్దని మొదటిరోజే చెప్పానుగా."

"వద్దన్నారు. ఎందుకు వద్దో చెప్పలేదు! నవ్విపోతారు అన్నారు, అంతే!"

నిజంగనే ఆయన ఆ ఒక్క ముక్క చెప్పలే. బిడ్డకు తెలిసే ఉంటదనుకున్నడు. బిడ్డ ఏమో కాని పనైతె తండ్రి చెప్తడనుకున్నది. నేనేమో పెద్దోళ్లిద్దరున్నరు గద అనుకున్న. ముగ్గురం మనుషులం, ఒక్కరం గూడ నోరిప్పి అడుగలే. ఇంత సదువు, ఇంత అనుభవం, రెండు ఖండాల తెలివి, కాల్చనా!

ఇగ ఎర్రదానికి ఒంటరిగ ఉండుడు అలవాటు చేద్దామని సూసినం. దాదీని జర దూరం నిలవెడ్తె ఎర్రది మెడ మెలితిప్పి దాని దిక్కే సూస్తది. ఇంకొంచెం దూరం పెడ్తె సకిలించుకుంట చెమటలు కక్కుతది.

గప్పుడు భాయ్ ఒక అకల్ చెప్పిండు. "అన్నా, దానికి కావల్సింది దాదీ కాదు, గజ్జెల సప్పుడు. జాకీ జేబుల గసొంటియే రెండు గజ్జెలు ఏసి పంపు. దాదీ పక్కనే ఉన్నదనుకుంటది." ఇనెతందుకు మస్తు మంచిగున్నది. జాకీ నవ్విండు గని సరే అన్నడు. మేడం గోర్లు కొరుక్కుంట "అంకుల్, వర్కవుట్ అవుతుందంటారా?" అన్నది. ఏం చెప్పాలె? మునిగెటోనికి గడ్డిపోస దొరికినా గట్టిగనే పడ్తడు గద. సాబ్‌కు మాత్రం మేము చెప్పలే.

మొదటి పరీక్ష పొద్దు గజ్జెలు సన్నగ మోగుతుంటె ఎర్రది బేఫికర్‌గ నడిచింది. నా పానం కుదుటవడ్డది. గేటు ఇంక నాలుగు అడుగులుందనంగ ఆగింది. చెవులు ఎన్కకు తిప్పింది. దాదీ సప్పుడు ఇనవడ్తున్నది, గని దాదీ పక్కన లేదు. సప్పుడు తన ఈపు మీదికెల్లే వస్తున్నది! ఎడమకు తిరిగింది, లేదు. కుడికి తిరిగింది, లేదు. ఇగ గుండ్రంగ తిరుగుడు మొదలువెట్టింది. అది ఎంత తిరుగుతె గజ్జెలు అంత మోగుతయి, గజ్జెలు ఎంత మోగితె అది అంత తిరుగుతది. జాకీ కళ్లెం వట్టుకోవాన్నా, జేబు వట్టుకోవాన్నా? ఆఖరికి దిగి దాన్ని చేత్తోని నడిపిచ్చుకొచ్చిండు. గేటు కాడి అధికారి తలకాయ అడ్డంగ ఊపిండు.

గజ్జెల సప్పుడు సాబ్ గూడ ఇన్నడు. కోప్పడ్తడనుకున్న. ఆయన కుర్చీలకెల్లి లేసి బిడ్డ కాడికి వచ్చి, "ఇంకొక్క అవకాశమే మిగిలిందమ్మా" అని మెల్లగ అన్నడు. తిట్టినా బాగుండు. ఆ పిల్ల లాయం ఎన్కకు పోయి గడ్డిమోపుల మీద కూసొని ఏడ్సింది. నేను దూరంగ నిలవడి, దగ్గరికి పోవాన్నా వద్దా అనుకుంటనే ఉండిపోయిన.

దాదీని శాలిబండకు తోలినం. భాయ్ వచ్చి తీస్కపోయిండు. ఆ పొద్దు ఎర్రది తలుపు మీదికెల్లి మెడ సాపి, గొంతు బొంగురు పోయేదాన్క అరిసింది. దాణా ముట్టలే. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటరు గద, మా దానికి కండ్లు మంచిగున్నయి గని దాణానే వద్దు. నేను బెల్లం కలిపిన నీళ్లు చేతిల పోసి మూతికి పూసిన. నాక్కోను గూడ నాక్కోలే. పక్కటెముకలు కనవడ్తుంటె నాకు లారీ యాదికొస్తుండె.

ఇగ సాబ్ పద్ధతి మొదలైంది. గేటు మాటే లేదు, గడియారం లేదు. లాయంల గుర్రాలన్ని వరుసగ నడుసుడే. ఎర్రది ఆఖర్ల, ముంగటి గుర్రం తోక సూసుకుంట, తల దించుకొని. మేడం సూసుకుంట నిలవడేది. ఆమె నాతోటి ఒక మాట అన్నది, అది నాకు మంచిగ తలకెక్కింది: "అంకుల్, నా పద్ధతిలో పక్కన ఒక గుర్రం. నాన్న పద్ధతిలో ముందొక గుర్రం. ఇది ఒంటరిగా ఒక్క అడుగైనా ఎప్పుడేసింది?" నిజమే. సముద్రానికి అటుదిక్కోడు, ఇటుదిక్కోడు ఇద్దరూ తోడునే నమ్ముకున్నరు. పరీక్షల ఉండనిది గూడ ఆ తోడే.

గా రోజులల్లనే ఒక కొత్త మగ గుర్రప్పిల్ల వచ్చింది, నిన్నమొన్న కళ్లెం వడ్డది. వట్టి పిరికిది. దాని నీడను సూసి అదే ఉలికివడ్తది. దాన్ని వరుసల ఎర్రదాని ఎన్కకు పెట్టినం. ట్రాకు దారిల ఒక మురికినీళ్ల మోరీ ఉంటది, దాని మీద ఇనుప జాలి. వరుసంత దాటింది, ఎర్రది గూడ దాటింది. కొత్తది జాలి కాడ కాళ్లు నాటి నిలవడ్డది. సైసు గుంజినా కదలది. ముంగటి గుర్రాలు పోతనే ఉన్నయి.

గప్పుడు ఎర్రది ఆగింది. దాని జాకీ కొట్టలే, ఆపలే, అదే ఆగింది. ముంగటి తోక దూరమైపోతున్నా సూడలే. తల తిప్పి కొత్తదాని దిక్కు సూసి ముక్కుతోని మెల్లగ ఒక సప్పుడు చేసింది. కొత్తది ఒక కాలు జాలి మీద పెట్టింది, ఇంకొకటి పెట్టింది, దుంకి ఎర్రదాని తోకకు మూతి ఆనిచ్చింది. ఎర్రది అప్పుడు గని కదల్లే.

నేను మేడం దిక్కు సూసిన, ఆమె సాబ్ దిక్కు సూసింది. "నాన్నా, రేపు దాన్ని ముందు పెడదాం. ఆ కొత్తదాన్ని వెనక, అంతే, ఇంకేం వద్దు" అన్నది. సాబ్ "నాన్సెన్స్, వరుస చెడిపోతుంది" అన్నడు. మరునాడు పొద్దుగాల నేను పోయేసరికి ఆయననే చేతికర్ర ఊపుకుంట, "ఏమయ్యా జమాదారూ, ఎర్రదాన్ని ముందు పెట్టు, నాకో ఆలోచన వచ్చింది" అన్నడు. మేడం నవ్వు ఆపుకోను మొకం అటు తిప్పింది.

ఎర్రది మొదలు బెదిరింది. ముంగట ఎవలూ లేరు, ఖాళీ ట్రాకు. గని ఎన్కకెల్లి ఆ పిరికిది వణుక్కుంట వస్తుంటె దీనికి నిలవడ తీరలే. రోజురోజుకు దాణా తినుడు వెరిగింది. మోరీ అయితేంది, పటాకుల లెక్క మోగే ట్రాక్టరైతేంది, తాను పోయి నిలవడి, కొత్తదాని దిక్కు సూసి, పిలిచేది. ఆఖరికి గేట్లకు గూడ తాను ముందు ఎక్కి దానికి సూపెట్టింది. గని నాకు నమ్మకం రాలే. పరీక్షల కొత్తది గూడ ఎంబడి ఉండదు గద! గజ్జెలప్పుడు గూడ గిట్లనే ఖుషైతిమి గద!

రెండో పరీక్ష పొద్దు నాకు ఇంట్ల చాయ్ దిగలే. రైల్లకెల్లి గుడి కనవడ్డప్పుడల్లా లేసి మొక్కుతున్న. పక్కాయన "తాతా, ఆరోగ్యం మంచిగలేదా?" అన్నడు. రేసుకోర్సుల సాబ్ కుర్చీ ఖాళీ. సూడలేనని కార్లనే కూసున్నడు. మేడం నా పక్కన నిలవడి నా ముంజెయ్యి వట్టుకున్నది. చిన్నప్పుడు ఇంజక్షన్ సూది సూసినప్పుడు గూడ గట్లనే పట్టేది.

పరీక్షకు ఎర్రదాని తోటి వేరే లాయాలయి రెండు గుర్రాలున్నయి. ఒకటి సప్పుడు చెయ్యకుండ గూట్లకు పోయింది. రెండోది ఒక నల్ల గుర్రం, గేటు ముంగట ముంగటి కాళ్లు లేపింది. మనుషులు ఎన్కకెల్లి నూకుతుంటె ఇంకింత లేపింది. ఇనుము మీద దాని కాలి నాడా తాకి ఠంగుమన్నది. మొదటి రేసుల ఎర్రది ఇన్న సప్పుడు ఇదే. మళ్ల అదే గేటు, పక్కన లేస్తున్న గుర్రం. ఎర్రది నిలువున వణికింది. ఈడికెల్లి కనవడ్డది నాకు, తోక కుదురు దాన్క వణికింది. "అయిపోయింది బేటా" అన్న నేను. లారీ తలుపు సప్పుడు గూడ ఇనవడ్డది నాకు, నిజం చెప్తున్న.

ఎర్రది తల తిప్పి ఆ నల్లదాని దిక్కు సూసింది. ముక్కుతోని మెల్లగ ఆ సప్పుడు చేసింది. మోరీ కాడ చేసినట్టే. తర్వాత ముంగటికి తిరిగి, నడిచి, గూట్లకు ఎక్కి నిలవడ్డది. తాను ఎవలకో దారి సూపెడ్తున్నననే అనుకున్నది పిచ్చిది. నల్లది కాళ్లు దించింది. రెండు నిమిషాలల్ల అది గూడ పోయి పక్క గూట్ల నిలవడ్డది. గంట మోగింది, తలుపులు తెరుసుకున్నయి. ఎర్రది అందరికన్న ఎన్క బయటికొచ్చింది, రానీ! అధికారి మా దిక్కు సూసి తలకాయ నిలువుకు ఊపిండు.

మేడం నన్ను కావలించుకొని ఎగిరింది. నేను గడ్డి మీద కూలవడ్డ. కార్ల సాబ్ అద్దం దించి, "చూశావా? వరుసలో నడిపిస్తే ఇంతే మరి!" అన్నడు. మేడం, "వరుసా? లీడర్‌ని చేసింది ఎవరు నాన్నా?" అన్నది. ఇద్దరూ ఇంటికి పోయేదాన్క కార్ల కొట్లాడుకున్నరట. కొట్లాడుకోనీ. ఎర్రది తర్వాత మంచిగనే ఉరికింది. పెద్ద కప్పులేం తేలే గని లారీ ఎక్కలే.

పరీక్ష పాసైన మాపటికి శాలిబండకు పోయిన. భాయ్‌కి చెప్పకుంటె ఎట్ల? ఆయన బరాత్‌కు దాదీని తయారు చేస్తుండె. ఈపు మీద జరీ బట్ట, నుదుటి మీద పూలు. నన్ను సూడంగనే దువ్వెన ఆపిండు.

"క్యా అన్నా, పాస్?"

"పాస్ భాయ్."

చేతులు పైకి లేపి అల్లాకు షుకర్ చెప్పిండు. మళ్ల దువ్వుకుంట, నా మొకం సూడకుండ అడిగిండు. "గేటు కాడ మా దాదీ కోసం దేవులాడిందా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలే. "లేదు భాయ్. ఒక్కసారి గూడ సూడలే."

"అచ్ఛా హువా. గట్లనే ఉండాలె" అన్నడు. ఎర్రది ఎన్కకు సూడొద్దనే గద నేను అన్ని రోజులు కనవడ్డ దేవుండ్లకల్ల మొక్కింది. మరి ఆ మాట చెప్పినంక దాదీ మొకం సూడబుద్ధి ఎందుకు కాలేదో నాకు తెల్వదు.

దాదీ మెడ సాపి నా అంగీ చెయ్యిని వాసన సూసింది. పొద్దుగాల పరీక్ష అయినంక ఎర్రదాన్ని తోమిన అంగీ అది. ఇడిసిపెట్టలే. మోచెయ్యి కాడ, భుజం కాడ, మెడ కాడ వాసన సూసుకుంట మెల్లగ సకిలించింది. గల్లీ మొగలకెల్లి బ్యాండోళ్లు టైమైంది, టైమైందని పిలుస్తున్నరు. భాయ్ కళ్లెం చేతిల వట్టుకున్నడు గని గుంజలే. నేను గూడ చెయ్యి తియ్యలే.